దమ్ము పట్టకూడని చోటు

నేను "నీళ్ళ పని" చేసి రిటైరయ్యానని మా వీధిలో అందరికీ తెలుసు. అనంతపురంలో నీళ్ళ పని అంటే రెండే: ట్యాంకరు తిప్పడం, బోరు వేయించడం. అందుకే ఎండలు ముదిరాయంటే ఎవరో ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పట్టుకుని గేటు తీస్తారు. "సార్, మా స్థలంలో యాడ పాయింటు పెట్టాల్నో రోంత చూసి చెప్పండి" అంటారు. నా పని భూమిలో నీళ్ళు వెతకడం కాదు, సముద్రంలో మునిగిన యుద్ధకాలపు ఓడల దగ్గరికి మనుషుల్ని తీసుకెళ్ళి తిరిగి తేవడం అంటే, నేను తప్పించుకోవడానికి చెబుతున్నానని వాళ్ళ నమ్మకం.

ఈమధ్య మన జిల్లా కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు ఈ పనిలో చేరబోతూ సలహా అడిగారు. ఏ సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలో, ఎవరు ఎంత జీతమిస్తారో ఫోన్‌లో దొరుకుతుంది. దొరకనివి కొన్ని ఉన్నాయి, అవే రాస్తున్నాను. ముందే చెబుతున్నా, ఇది ఉత్సాహపరిచే రాత కాదు.

బావిలో నేర్చుకున్నది

మాది గుత్తి దగ్గర పల్లె. మా చిన్నప్పుడు బావుల్లో ఇంకా నీళ్ళుండేవి. వీపుకు ఈతబెండ్లు కట్టి తోసేవారు. బెండ్లు లేకుండా ఈదడం వచ్చాక అసలు ఆట మొదలయ్యేది. పైనుంచి తెల్లరాయి వేస్తే అది అడుగుకు చేరేలోగా వెంటపడి తేవాలి. మా వైపు బావి లోతును మట్లలో చెబుతారు, చెయ్యెత్తి నిలబడిన మనిషంత ఎత్తు ఒక మట్టు. ఎన్ని మట్లు దిగి రాయి తెస్తే అంత మొనగాడు. దానికి కావాల్సింది ఒకటే, దమ్ము. ముక్కు మూసుకుని, దమ్ము పట్టి, ఊపిరి వదలకుండా పోయి రావాలి. బుడగ బయటికొస్తే గట్టు మీదున్నవాళ్ళు ఎగతాళి చేసేవారు.

మా నాయన దగ్గర పాతాళగరిగె ఉండేది. బావిలో పడ్డ బిందెలూ చేదలూ తీసే ఇనుప కొక్కేల గుత్తి. దాన్ని ఒట్టి చేతుల్తో వచ్చినవాళ్ళకు ఇచ్చేవాడు కాదు. ఒక చెంబో గిన్నో మా ఇంట్లో పెట్టి తీసుకెళ్ళాలి, గరిగె తిరిగిచ్చి చెంబు పట్టుకెళ్ళాలి. అది మా వైపు ఆచారం. ఆ ఇంట్లో పెరిగినవాడికి నీళ్ళలో పడ్డ ప్రతి వస్తువూ పైకి రావాల్సిందేనని అనిపించడం సహజం.

ఇవీ ఆ రెండు అలవాట్లు: నీళ్ళలో పడినవి తీయడం, దమ్ము పట్టడం. మన పల్లెల నుంచి వచ్చే ప్రతి ఈతగాడిలోనూ ఇవి ఉంటాయి. సముద్రంలో రెండూ పనికిరావు.

కెప్టెన్

బతుకుతెరువు వెతుక్కుంటూ మద్రాసు పోయి, రేవులో ఓడల అడుగున పట్టిన నాచు గీకే పనిలో చేరాను. అక్కడ నన్ను చూసినవాడు తర్వాత నాకు ముప్పై ఏళ్ళు పైగా బాసు. ఆయనది కాకినాడ వైపు. ఏ ఓడకూ కెప్టెన్ కాలేదు గానీ అందరూ కెప్టెన్ అనే పిలిచేవారు. శ్రీలంక తూర్పు తీరంలో రెండో ప్రపంచయుద్ధకాలంలో మునిగిన ఓడలున్నాయి, వాటిని చూడ్డానికి డబ్బిచ్చి దిగేవాళ్ళుంటారని ముందే కనిపెట్టి కంపెనీ పెట్టాడు. నోటి దురుసు మనిషి. నన్ను మొదటిరోజే, "ఏరా సీమోడా, నీళ్ళు లేని ఊరోడికి నీళ్ళంటే భక్తెక్కువ, భయం తక్కువ. ముందు భయం నేర్చుకో" అన్నాడు.

ఆయన నేర్పిన ప్లానింగ్ అంతా తలకిందులుగా ఉండేది. కొత్తవాళ్ళు ఓడను ఎంతసేపు చూద్దామా అని మొదలుపెడతారు. ఆయన ఆస్పత్రితో మొదలుపెట్టేవాడు. డైవర్లకు ఏదైనా అయితే పెట్టే ప్రెషర్ ఛాంబర్ ఎంత దూరం, పడవలో ఆక్సిజన్ ఉందా, ఒడ్డుకు ఎంతసేపట్లో వస్తాం, పైకొచ్చేటప్పుడు ఎక్కడెక్కడ ఆగాలి, దానికెంత గాలి కావాలి. ఇవన్నీ తీసేశాక సిలిండర్లో మిగిలిన గాలితోనే ఓడను చూడాలి. ఏమీ మిగలకపోతే చూడకూడదు. అక్కడ వేసవి నుంచి ఈశాన్య వానల ముందువరకే సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఆ తర్వాత ఎవరు బతిమాలినా పడవ తీసేవాడు కాదు. "నీకు జీతమిచ్చేది దింపినందుకు కాదు, వద్దన్నందుకు" అనేవాడు.

ఒకసారి గుత్తి నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చాడు. మనవైపు మనిషని నేను మురిసిపోయి దగ్గరుండి చూపించాను. పైకొచ్చాక చూస్తే సంచీలో పింగాణీ కప్పు ఉంది, ఓడలోది. ఎందుకు తీశావయ్యా అంటే, "ఏమప్పా, బాయిలో పడిన చెంబు తీయడం తప్పా? ఇన్నేండ్లు ఎవురూ అడగలేదు గదా" అని నన్నే నిలదీశాడు. మా నాయన కూడా అదే మాట అనేవాడు. కెప్టెన్ మాత్రం ఒక్క మాటే అన్నాడు: "అది బావి కాదు, శ్మశానం. లోపల మనుషులున్నారు." మర్నాడు ఆ వ్యాపారి చేతే కప్పును తిరిగి పెట్టించాను. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. పోనీలే అనుకున్నా.

కెప్టెన్ పోయాక కంపెనీ ప్లానింగ్ నా చేతికి వచ్చింది. ఓడను తాకకూడదు, ఏదీ తీయకూడదు అన్న నియమాన్ని నేను ఒకే ఒక్కసారి సడలించాలనుకున్నాను. మిగతా రాతంతా దాని గురించే.

ప్రార్థనలో ఓడ పేరు

ఐదారేళ్ళ కిందట సెలవు మీద అనంతపురం వచ్చినప్పుడు మా బోరు మోటారు చెడిపోయింది. దాన్ని పైకి తీయడానికి వచ్చినవాడి పేరు దావీదు. ముప్పై దాటిన మనిషి, విడపనకల్లు వాడు. పైపులు లాగి అలిసిపోయి, మంచినీళ్ళకని లోపలికొచ్చి, గోడ మీదున్న ఫోటో దగ్గర ఆగాడు. నీళ్ళ అడుగున పక్కకు ఒరిగిన ఓడ ఫోటో అది.

"ఇదేం ఓడ సార్?"

"యుద్ధంలో మునిగింది" అని పేరు చెప్పాను.

దావీదు గ్లాసు కింద పెట్టేశాడు. "ఇంగోసారి చెప్పండి సార్."

మళ్ళీ చెప్పాను.

"మా అవ్వ దినామూ ప్రార్థనలో ఈ పేరు చెప్తాది సార్. ఆడుండే మా నాయనను చల్లగా చూడు ప్రభువా అంటాది. మేమంతా అదేదో ఊరి పేరనుకున్యాము."

ఓడ పేరు ఇక్కడ రాయను. అది ఇంకా సమాధే. అవ్వ నోట్లో డెబ్బై ఏళ్ళు నాని నాని ఆ ఇంగ్లీషు పేరు సగం తెలుగైపోయింది గానీ, గుర్తుపట్టలేనంత కాదు.

వారం తిరక్కుండా దావీదు వెంట విడపనకల్లు వెళ్ళాను. ఆమె పేరు రాహేలమ్మ, దావీదు తల్లికి తల్లి. కూలి చేసి బతికిన మనిషి. చూపు మందగించింది గానీ మాట పదును తగ్గలేదు. నాకు ఉగ్గాని పెట్టించి, నేను తింటున్నంతసేపూ చెబుతూ కూర్చుంది. కరువులో వాళ్ళ నాయన మద్రాసు రేవుకు పోయి, ఓడలో బొయిలరుకు బొగ్గు వేసే పనిలో కుదిరాడు. అప్పటికి రాహేలమ్మ ఇంకా తల్లి కడుపులో ఉంది. ఓడ మునిగాక, ఆయనతో పనిచేసి బతికి బయటపడ్డ బళ్ళారి మనిషి ఒకాయన ఊరికొచ్చి సంగతి చెప్పి, ఓడ పేరు చెప్పి పోయాడు. అంతకుమించి ఇంటికి ఏమీ రాలేదు.

"ఆడికి మనిషి పోగలడాప్పా?" అని అడిగింది.

"పోగలడవ్వా. మరీ లోతేం కాదు. నూరడుగుల చిల్లర."

"నూరడుగులేనా!" అని ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది. "ఈడ వెయ్యి అడుగులు బోరేసినా తడి తగల్లేదు. నూరడుగుల కాడుండే మా నాయన్ను ఇన్నేండ్లూ ఒక్కరూ పోయి పలకరించలేదా?"

ఆ ఓడ దగ్గరికి నేనే ఎన్నోసార్లు దిగాను. బొయిలరు గది పక్క నుంచే ఈదుకుంటూ పోయాను.

ఆమె ఇంకా చెప్పింది. "ఎముకలడగను, ఇనుమడగను. సమాధుల పండగనాడు మావోళ్ళంతా సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. మా అమ్మ సమాధి మీద నేను పెడతాండా. మా నాయనకు యాడ పెట్టేది? వీడు పోయి ఆ ఓడ మీద చెయ్యి పెట్టి రావాల. వచ్చి ఆ చెయ్యి నా నెత్తిన పెట్టాల. మా నాయన చెయ్యి నా మీద పడనే లేదప్పా."

కెప్టెన్ బతికి ఉంటే వద్దనేవాడు. నేను సరేనన్నాను. ఆమె ముందు ఇంకో మాట అనడం నా వల్ల కాలేదు. పైగా వీడు మన బావి ఈతగాడే కదా, తొందరగా నేర్చుకుంటాడనుకున్నాను.

బుడగలు

అనుకున్నట్టే తొందరగా నేర్చుకున్నాడు. పుదుచ్చేరి దగ్గర మా శిక్షణలో, ఆరేడుమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల మధ్య మోటారు మెకానిక్ దావీదే అందరికంటే చురుకు. సిలిండరు బిగించడం, గొట్టాలు చూసుకోవడం వాడికి చెప్పాల్సిన పనేలేదు. నీళ్ళంటే బెదురు లేదు. ఉన్న చిక్కంతా అక్కడే.

కొత్తవాళ్ళు ఈ ఒక్కటీ బాగా వినండి. సిలిండర్లోంచి పీల్చిన గాలి లోతులో అణిగి ఉంటుంది. పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది. ఊపిరి వదులుతూ రాకపోతే, అంటే దమ్ము పట్టి పైకొస్తే, ఆ గాలికి ఊపిరితిత్తులు చిరుగుతాయి. మనిషి పడవ ఎక్కకముందే పోవచ్చు. బావిలో మనం పైన పీల్చిన గాలినే తీసుకెళ్ళి తెచ్చుకుంటాం కాబట్టి ఏమీ కాదు. బావిలో మనల్ని బతికించిన అలవాటే ఇక్కడ చంపుతుంది. ఈత రాని బెంగళూరు పిల్లలకు ఈ ప్రమాదం తక్కువ, ఎందుకంటే వాళ్ళకు మరిచిపోవాల్సింది ఏమీ లేదు. నాకా అలవాటు పోవడానికి చాలాకాలం పట్టింది. కెప్టెన్ నన్ను "ఆ..." అని రాగం తీస్తూ పైకి రమ్మనేవాడు. రాగం తీసే నోటితో దమ్ము పట్టలేం.

దావీదుకూ అదే నేర్పాను. వాడు చర్చిలో పాడే పాట రాగం తీస్తూ పైకొచ్చేవాడు. ప్రశాంతంగా ఉన్నంతసేపు రాగం చక్కగా వచ్చేది. మాస్కులోకి నీళ్ళొచ్చినా, పక్కవాడి కాలు తగిలినా, ఏదైనా ఉలికిపాటు కలిగిందంటే మాత్రం బుడగలు ఆగిపోయేవి. వాడికే తెలియకుండా దవడ బిగిసేది. సాధనతో పోతుందనుకున్నాను. చాలావరకు పోయింది కూడా. సీజన్ చివర్లో ఉన్నాం, అవ్వ ఎదురుచూస్తోంది, అని చెప్పి ట్రిప్పులో వాడి పేరు వేశాను.

ఓడ దగ్గరికి వెళ్ళే ముందురోజు ఒడ్డుకు దగ్గర్లో, తక్కువ లోతులో ఒకసారి అందర్నీ దింపి చూడటం కెప్టెన్ పెట్టిన పద్ధతి. అక్కడ రాళ్ళ మధ్య ముందు పోతున్న మనిషి కాలికి తొడిగిన రబ్బరు తెడ్డు తగిలి దావీదు మాస్కు ఊడింది. నేను వాడి ముఖం చూడలేదు. డైవర్ల దగ్గర చూడాల్సింది బుడగలే. అవి ఆగిపోయాయి. మరుక్షణం వాడు పైకి ఎగిశాడు. చీలమండ పట్టుకుని లాగి, పొట్ట మీద గట్టిగా గుద్దాను. గాలి భళ్ళున బయటికొచ్చింది.

పడవలో కూర్చోబెట్టి ఆక్సిజన్ పెట్టాం. కాసేపటికి తేరుకుని నవ్వాడు.

"ఏం కాలేదన్నా. బాగుండా."

"రేపు నువ్వు దిగొద్దు దావీదూ."

"అన్నా!"

"వద్దు."

"ఒక్కసారన్నా. పోతా, చెయ్యి పెడతా, వస్తా. నా దమ్ము మీద నాకు నమ్మకముండాది."

"నా భయమంతా ఆ దమ్ముతోనే."

"అవ్వకు ఎనభై దగ్గర పడినాయి. మల్లా సీజనుకు ఉంటాదో లేదో ఎవురికి తెలుసు?"

"నువ్వుండాలి కదరా!"

వాడు ఆక్సిజన్ మాస్కు పట్టుకుని సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ వీపు నాకిప్పటికీ కళ్ళ ముందే ఉంది. కాస్త గొడవపడి, నాలుగు తిట్లు తిట్టినా నాకు సుఖంగా ఉండేది.

ఎవరి చెయ్యి

మర్నాడు మిగతావాళ్ళతో నేను దిగాను. దావీదు పడవలోనే ఉన్నాడు. సముద్రం తేటగా ఉంది. బొయిలరు గది వైపు ఇనుప గోడ నాచు లేకుండా ఉన్న చోట ఆగి, చేతి తొడుగు తీసి, అరచెయ్యి ఆనించాను. అన్నేళ్ళలో నేను ఆ ఓడను తాకడం అదే మొదటిసారి. చెప్పడానికి నాకు ఏ హక్కూ లేదు, అయినా "అయ్యా, నీ కూతురు బతికే ఉంది" అని మనసులో అనుకున్నాను.

పైకొచ్చాక దావీదు అడిగాడు: "పెట్టినావాన్నా?"

"పెట్టినా."

"ఎట్లుండాది?"

"చల్లగుంది. గరుకుగా ఉంది."

విడపనకల్లు ఇద్దరం కలిసే వెళ్ళాం. దావీదు గడపలో చెప్పులు విప్పుతుండగానే అవ్వ మంచం మీద లేచి కూర్చుని, తల మీది కొంగు తీసేసింది. చెయ్యి పెట్టించుకోవడానికి.

దావీదు అబద్ధం చెప్పలేకపోయాడు. చెప్పి ఉంటే ఎవరికి తెలిసేది కనుక! "నేను పోలేదవ్వా. అన్న పోనీలేదు. అన్నే చెయ్యి పెట్టి వచ్చినాడు" అన్నాడు.

నేను ముందుకెళ్ళాను. ఆమె నా చెయ్యి రెండు చేతుల మధ్య పెట్టుకుని చాలాసేపు తడిమింది. తల మీదికి మాత్రం తీసుకోలేదు.

"నీ చెయ్యి మంచిదేనప్పా. నా మనవణ్ణి పానాలతో తెచ్చినావు, దేవుడు నిన్ను సల్లగా చూడాల. అయితే నువ్వెవురో మా నాయనకు తెల్దు గదా. వీడే పోయి రానీలే. నేనుంటా."

నేనుంటా అని ఆమె అన్నది నన్ను ఓదార్చడానికి. కొంగు మళ్ళీ తల మీదికి లాక్కుంది.

దావీదు ఆ చలికాలమంతా వీలు దొరికినప్పుడల్లా పుదుచ్చేరి వచ్చాడు. నేను వెనక నుంచి వచ్చి మాస్కు లాగేసేవాణ్ణి, గొట్టం పీకేవాణ్ణి, కాళ్ళు పట్టి తిప్పేవాణ్ణి. ఒకరోజు ఎంత చేసినా బుడగలు ఆగలేదు. పైకొచ్చేదాకా రాగం తెగలేదు. ఒడ్డున ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. ఇక సముద్రం నెమ్మదించడమే తరువాయి.

క్రిస్మస్ వెళ్ళిన కొన్నాళ్ళకు రాహేలమ్మ నిద్రలోనే పోయింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పదలుచుకున్నది ఇదీ. ఆ రోజు నేను వద్దన్నది సరైన మాటే. రేపు అదే పరిస్థితి వస్తే మళ్ళీ వద్దనే అంటాను, మీరూ అనండి. కానీ సరైన పని చేసినవాడికి మనసు నిమ్మళంగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు లేదు. తప్పు చేసి ఉంటే ఎవరినైనా క్షమాపణ అడిగేవాణ్ణి. నాకు ఆ దారి కూడా లేదు.

వేసవి రాగానే దావీదుకు ఫోన్ చేశాను. సముద్రం తేటపడిందని, పడవ మాట్లాడానని, ఈసారి అందరికంటే ముందు వాడినే దింపుతానని చెప్పాను. వాడు అంతా విన్నాడు. ఏదో ఊళ్ళో మోటారు లాగుతున్నట్టున్నాడు, వెనక పైపుల చప్పుడు వినబడుతోంది.

"పోతానన్నా, పోలేక గాదు" అన్నాడు. "పోయి, ఆ చెయ్యి తెచ్చి ఇంగ ఎవురి నెత్తిన పెట్టాలన్నా?"

ఆ ట్రిప్పులో వాడి స్థానంలో ఇంకెవరి పేరూ రాసుకోలేదు. అదే నా చివరి సీజను.